కత్తెర మీది, నెపం మాది

శుక్రవారం సినిమా విడుదలవుతుంది. సాయంత్రానికల్లా టాక్ బయటపడుతుంది. టాక్ బాగాలేకపోతే ఆదివారమో సోమవారమో నిర్మాతల నుంచి ఒక ప్రకటన వస్తుంది. ప్రేక్షకుల అభిప్రాయాన్ని గౌరవించి సినిమా నిడివి తగ్గించాం, ఇప్పుడు ఇంకా వేగంగా ఉంటుంది, కుటుంబసమేతంగా వచ్చి చూడండి. ఇంచుమించు ప్రతిసారీ ఇవే మాటలు. 2014 సంక్రాంతికి వచ్చిన సుకుమార్ '1: నేనొక్కడినే' నుంచి విడుదలైన కొద్ది రోజులకే సుమారు 20 నిమిషాలు తీసేశారు. 2024 జులైలో శంకర్ 'భారతీయుడు 2' నుంచి 12 నిమిషాలు పోయాయి. రెండుసార్లూ ప్రేక్షకుల పేరే చెప్పారు.

ఎవరా ప్రేక్షకులు? ఎప్పుడడిగారు? ఎవరినడిగారు?

ఊరికే అడగడం లేదు. వాళ్ళు చెప్పే ఆ ప్రేక్షకుల్లో నేనూ ఒకణ్ణి. మాది చండ్రుగొండ. కొత్తగూడేనికీ సత్తుపల్లికీ మధ్య ఉంటుంది. ఒక దిక్కున కనకగిరి గుట్టలు, మిగతా దిక్కుల పత్తి చేలు, జామాయిల్ తోటలు, పోడు భూములు. 2016 దాకా ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. సినిమా వ్యాపారం లెక్కల్లో మాది నైజాం ఏరియా, అందులో 'సి' సెంటర్. ఆ 'సి' అంటే ఏమిటో మాకెవరూ విడమర్చి చెప్పలేదు గానీ, అనేవాళ్ళ గొంతును బట్టి అర్థం చేసుకున్నాం. ఆలస్యంగా చూసేవాళ్ళు, తక్కువ అర్థమయ్యేవాళ్ళు, ఒక పాటా ఒక ఫైటూ ఉంటే సరిపెట్టుకునేవాళ్ళు.

మా ప్రాంతం సినిమావాళ్ళకి తెలియనిదేం కాదు. 1973లో బాపు 'అందాల రాముడు' రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా గోదావరి మీద ప్రయాణం చేసింది. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' కూడా ఆ దారే పట్టింది. 2021లో 'ఆచార్య' షూటింగు కోసం చిరంజీవి, రామ్‌చరణ్ ఇల్లెందు బొగ్గు గనుల దాకా వచ్చారు, జిల్లా అంతా చూడటానికి ఎగబడింది. అడవి కావాలన్నా, గని కావాలన్నా, గోదావరి కావాలన్నా మేం లొకేషన్. సీను కొయ్యాలన్నప్పుడు మాత్రం మేం సాకు. 'ఇది సిటీలో ఆడుతుందేమో గానీ బి, సి సెంటర్లలో ఎక్కదండీ' అన్న ఒక్క మాటతో ఎన్ని సన్నివేశాలు చచ్చిపోయాయో లెక్క లేదు.

దర్శకుడికీ నిర్మాతకీ మధ్య ఫైనల్ కట్ గురించి వచ్చే తగాదా మీద రాసేవాళ్ళు మామూలుగా రెండు పక్షాల్లో ఏదో ఒకదానిలో కూర్చుంటారు. ఒకరు, కళాకారుణ్ణి డబ్బు తొక్కేస్తోందంటారు. రెండోవారు, డబ్బు పెట్టినవాడి మాట చెల్లకపోతే ఇంకెవడి మాట చెల్లుతుందంటారు. నా తగాదా ఈ రెండింటితోనూ కాదు. ఫైనల్ కట్ ఎవరిదన్నది మన దగ్గర ఎక్కడా పైకి చెప్పరు. చట్టం ఒకరికి రాసిచ్చింది, బజారు ఇంకొకరికి ఇచ్చింది, పేరు మూడోవాడిది, నెపం మాది. నా గొడవ ఈ ఏర్పాటు మీద.

ముందు మన చరిత్రలోంచే ఒకటి చెప్తాను. 'మిస్సమ్మ' (1955) మొదట భానుమతితో మొదలైంది. నాలుగు రీళ్ళు తీశాక ఆమెకూ చక్రపాణికీ పంతం వచ్చింది. క్షమాపణ చెప్పమంటే ఆమె చెప్పనంది. చక్రపాణి ఆ నాలుగు రీళ్ళనీ తగలబెట్టించి, సావిత్రిని పెట్టి మళ్ళీ తీయించాడని పరిశ్రమలో తరతరాలుగా చెప్పుకునే కథ. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. ఆ సినిమాలో ఎవరుండాలి, ఏ ఫిల్ము బతకాలి, ఏది కాలాలి అన్నది దర్శకుడి చేతిలో లేదు. వచ్చిన సినిమా మాత్రం డెబ్బై ఏళ్ళ తర్వాత కూడా జనం ఇష్టంగా చూస్తున్నారు.

అంటే నిర్మాత చేతిలో అధికారం ఉన్నంత మాత్రాన సినిమా చెడిపోతుందన్న నియమమేమీ లేదు. ఇది ఒప్పుకోకపోతే నా వాదనకి నిజాయితీ ఉండదు. కానీ చక్రపాణి ఎవరు? శరత్ నవలల్ని తెలుగు చేసిన రచయిత. కథ దగ్గర కూర్చునేవాడు, మాటల దగ్గర కూర్చునేవాడు. తను తీసుకున్న నిర్ణయానికి తన పేరు పెట్టుకునేవాడు. తప్పయినా ఒప్పయినా 'చక్రపాణి తీశాడు' అని లోకానికి తెలుసు. ఇవాళ ఎడిటింగ్ సూట్‌లో ఒక సన్నివేశం పోతే, దాన్ని పోగొట్టినవాడి పేరు చెప్పండి చూద్దాం. నిర్మాతనడిగితే బయ్యర్లంటాడు. బయ్యర్లనడిగితే ఎగ్జిబిటర్లంటారు. ఎగ్జిబిటర్లనడిగితే జనం అంటారు. జనం అంటే చివరికి మేమే. మేం ఎవరివైపు వేలు చూపించాలి?

మా చిన్నప్పుడు మా వైపు ఫైనల్ కట్ టూరింగ్ టాకీసు ఆపరేటర్‌ది. రెండో ఆట ఆలస్యమైతే ఒక పాట ఎగిరిపోయేది. రీలు తెగితే అతికించేటప్పుడు ఒక ముక్క పోయేది. ఒక్కోసారి విలన్ చచ్చిపోయి, తర్వాతి రీలులో మళ్ళీ లేచొచ్చి డైలాగులు చెప్పేవాడు. కానీ అందులో దాపరికం లేదు. కోసింది ఎవరో మాకు తెలుసు, వెనక్కి తిరిగి కేకలేసేవాళ్ళం, ఒక్కోసారి మా గోల భరించలేక పోయిన పాట మళ్ళీ వేసేవాడు. ఇవాళ్టి కత్తెరకి ఆ మాత్రం జవాబుదారీతనం కూడా లేదు.

సరే, మా పేరు చెప్పి కోస్తున్నారు గదా, మాకు నిజంగానే ఎక్కదా? 'శంకరాభరణం' సంగతి గుర్తు చేసుకుందాం. 1980 ఫిబ్రవరిలో విడుదలైంది. హీరో లేడు. ముఖ్యపాత్ర వేసిన సోమయాజులు రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. తెర మీద నెరిసిన జుట్టూ, పాటల్లో శాస్త్రీయ సంగీతం. కొనడానికి బయ్యర్లు వెనకాడారు. ఇది ఎవరు చూస్తారన్నారు. కె. విశ్వనాథ్ తీసిన సినిమాని తీసినట్టే నిలబెట్టింది నిర్మాత ఏడిద నాగేశ్వరరావు. తర్వాత ఏమైందో చెప్పనక్కర్లేదు. మద్రాసు సభల్లో కూర్చునేవాళ్ళు మాత్రమే చూస్తే ఆ సినిమా అన్నాళ్ళు ఆడేది కాదు. స్వరం పేరు తెలియనివాళ్ళు, త్యాగరాజు ఎవరో తెలియనివాళ్ళు కూడా బళ్ళు కట్టుకుని వెళ్ళి చూశారు. 'బి, సి సెంటర్లలో ఎక్కదు' అన్న మాట ఆ రోజే చచ్చిపోవాల్సింది. నలభై అయిదేళ్ళ తర్వాత కూడా దాన్ని ఊరేగిస్తూనే ఉన్నారు.

ఇంకో మాట. జనం అంతసేపు కూర్చోలేరట. 'అర్జున్ రెడ్డి' మూడు గంటలు దాటింది. 'ఆర్ఆర్ఆర్' మూడు గంటలు దాటింది. 'పుష్ప 2' మూడు గంటల 20 నిమిషాలు. అది చాలక 2025 జనవరిలో ఇంకో 20 నిమిషాలు కలిపి 'రీలోడెడ్' అని మళ్ళీ వేశారు. మేం కూర్చున్నాం. పోనీ కోస్తే లాభం వస్తుందా? '1: నేనొక్కడినే' కోసినా నిలబడలేదు. పదేళ్ళు పోయాక ఇవాళ కుర్రాళ్ళు ఆ సినిమాని తల మీద పెట్టుకుంటున్నారు. 'భారతీయుడు 2' కోసినా నిలబడలేదు. బాగా ఆడిన సినిమాకి కలుపుతారు, ఆడని సినిమాకి తీసేస్తారు. ఇందులో కథ అవసరం ఎక్కడుంది? కలిపేది రెండోసారి టికెట్ కొనిపించడానికి, తీసేసేది భయం వల్ల. విడుదలైన రెండో రోజున కత్తెర పట్టేవాడు సినిమాని బాగుచేద్దామని పట్టడు, ఏదో ఒకటి చేశామనిపించుకోవడానికి పడతాడు.

ఇక చట్టం సంగతి. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, అసలు ముడి ఇక్కడే ఉంది.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో సెక్షన్ 2(డి) ఏ రచనకి ఎవరు 'కర్త' అన్నది చెప్తుంది. కథకీ కవిత్వానికీ రాసినవాడు. సంగీతానికి స్వరకర్త. బొమ్మకి చిత్రకారుడు. మరి సినిమాకి? నిర్మాత. దర్శకుడన్న మాట అక్కడ లేదు. అదే చట్టంలో సెక్షన్ 57 ఉంది. హక్కులు అమ్ముకున్న తర్వాత కూడా తన రచనని తన గౌరవానికి భంగం కలిగేలా వికృతం చేస్తే అడ్డుకునే అధికారం కర్తకి ఉంటుందని అది చెప్తుంది. చాలా గొప్ప సెక్షన్. అయితే అది కర్తకి మాత్రమే వర్తిస్తుంది. సినిమాకి కర్త నిర్మాత కాబట్టి, దర్శకుడు తీసిన సినిమాని నిర్మాత ముక్కలు చేస్తే, చట్టం కళ్ళకి అది యజమాని తన ఇంటి గోడ తను కొట్టుకున్నట్టు.

దీని విడ్డూరం చూడండి. మన్నూ భండారీ తన నవల 'ఆప్‌కా బంటీ'ని సినిమావాళ్ళకి ఇచ్చారు. వాళ్ళు దాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చారని కోర్టుకి వెళ్ళారు. 1986లో ఢిల్లీ హైకోర్టు, హక్కులు అమ్మినా రచన వికృతం కాకుండా చూసుకునే హక్కు రచయిత్రికి సెక్షన్ 57 కింద మిగిలే ఉంటుందని స్పష్టంగా చెప్పింది. నవల రాసినామెకి హక్కుంది, అదే సినిమా తీసినవాడికి లేదు! సత్యజిత్ రాయ్ 'నాయక్' సినిమా సంగతి ఇంకా వింత. ఆ స్క్రీన్‌ప్లేని నవలగా వేస్తే నిర్మాత కుటుంబం అభ్యంతరం చెప్పింది. 2023లో ఢిల్లీ హైకోర్టు స్క్రీన్‌ప్లే హక్కు రాయ్‌దే అని తీర్పిచ్చింది. ఎందుకు? ఆయన రాశాడు గనక. రాసిన రాయ్ కర్త. తీసిన రాయ్ కర్త కాదు. ఆ తీసిన రాయ్ కోసమే గదా ప్రపంచం లేచి నిలబడింది!

ఇది ఎవరికీ తట్టని విషయం కాదు. 2010లో కాపీరైట్ సవరణ బిల్లు తెచ్చినప్పుడు ప్రధాన దర్శకుణ్ణి కూడా నిర్మాతతోపాటు సినిమాకి కర్తగా గుర్తించాలని అందులో ప్రతిపాదించారు. పార్లమెంటు స్థాయీ సంఘం వద్దంది. 2012లో సవరణ వచ్చింది. పాటలు రాసినవాళ్ళకీ స్వరాలు కట్టినవాళ్ళకీ రాయల్టీ హక్కు దక్కింది. చాలా మంచిది. దర్శకుడి మాట బిల్లులోంచి ఎగిరిపోయింది. మన దేశంలో దర్శకుల మీద పడిన అతిపెద్ద కట్ అదే. తెలుగు పరిశ్రమలో దాని గురించి ఎవరైనా గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

హక్కు లేకపోతే ఏమవుతుందో మన కళ్ళముందే ఉంది. 'అర్జున్ రెడ్డి'ని తమిళంలో బాల తీశాడు. జాతీయ అవార్డు తెచ్చుకున్న దర్శకుడు. 'వర్మ' పేరుతో సినిమా పూర్తయింది. 2019 ఫిబ్రవరిలో నిర్మాణ సంస్థ, వచ్చిన సినిమా మాకు తృప్తిగా లేదని ప్రకటించి, మొత్తం పక్కన పడేసి, ఇంకో దర్శకుడితో 'ఆదిత్య వర్మ' అని మొదటి నుంచి తీయించింది. సృజనాత్మక స్వేచ్ఛ కోసం తానే తప్పుకున్నానని బాల అన్నాడు. బావుంది. ఆ తర్వాత 2020 అక్టోబరులో, అందరూ ఇళ్ళలో కూర్చున్నప్పుడు, ఆ పనికిరాదన్న 'వర్మ'నే ఓటీటీలో పెట్టారు. పనికిరాని సినిమా ఎలా అమ్ముడుపోయింది? సినిమా మంచిదా చెడ్డదా అన్నది కాదు ఇక్కడ. పారెయ్యడమూ వాళ్ళ ఇష్టమే, అమ్మడమూ వాళ్ళ ఇష్టమే.

2025 ఆగస్టులో ఇంకో మెట్టు ఎక్కారు. ఆనంద్ ఎల్. రాయ్ 2013లో తీసిన 'రాంఝణా' తమిళ రూపాన్ని 'అంబికాపతి' పేరుతో ఈరోస్ సంస్థ మళ్ళీ విడుదల చేసింది. కథలో హీరో చచ్చిపోతాడు. కొత్త దాంట్లో కృత్రిమ మేధ సాయంతో అతన్ని బతికించారు. దర్శకుడు మొత్తుకున్నాడు, నటించిన ధనుష్ మొత్తుకున్నాడు. హక్కులు మావి అని సంస్థ అంది. చట్టం పుస్తకం తీసి చూస్తే సంస్థ మాటకే బలముంది. రేపు దేవదాసుకి కాలేయం బాగుచేసి పార్వతితో పెళ్ళి చేస్తామంటే ఎవరు ఆపగలరు? వేదాంతం రాఘవయ్యగారు లేచి రావాలి. వచ్చినా ఆయనకి హక్కు లేదు.

మన తెలుగు వాళ్ళ దగ్గర ఇంకో జబ్బుంది, మర్యాద. క్రిష్ 'మణికర్ణిక'లో చాలా భాగం తీశాక, మిగతాదీ మార్పులూ కంగనా రనౌత్ చేతిలోకి వెళ్ళాయి. 2019 జనవరిలో సినిమా వచ్చేసరికి దర్శకత్వం దగ్గర ఇద్దరి పేర్లున్నాయి. తను తీసినవి మార్చేశారని క్రిష్ అప్పుడు బయటకి వచ్చి మాట్లాడాడు. హిందీ సినిమా కాబట్టి మాట్లాడగలిగాడేమో అని నా అనుమానం. తర్వాత 'హరి హర వీరమల్లు' ఆయనే మొదలుపెట్టాడు. 2024 మేలో నిర్మాత ఎ.ఎం. రత్నం కొడుకు జ్యోతికృష్ణ దర్శకత్వం తీసుకున్నట్టు ప్రకటన వచ్చింది. 2025 జులైలో సినిమా వచ్చింది, మళ్ళీ రెండు పేర్లు. ఈసారి అంతా సామరస్యంగా, నమస్కారాలతో జరిగింది. తగాదా ఏమీ లేదేమో, లేకపోతే సంతోషమే. కానీ చూసేవాడిగా నాకు తెలియాల్సింది ఒకటుంది. నేను చూసిందాంట్లో ఎవరిది ఎంత? నచ్చిన సీనుకి ఎవరికి దండం పెట్టాలి, నచ్చనిదానికి ఎవర్ని తిట్టాలి? మర్యాద అనే ముసుగు కింద ప్రేక్షకుడికి దక్కాల్సిన ఈ చిన్న నిజం కూడా దక్కడం లేదు.

ఇక్కడ నిర్మాత పక్షం వాళ్ళు లేచి అడుగుతారు: డబ్బు మాది, వడ్డీ మాది, సినిమా పోతే ఇల్లు అమ్ముకునేది మేము. నిజమే. దర్శకులందరూ సాధువులేమీ కాదు. 'గేమ్ ఛేంజర్' తర్వాత శంకర్ తనకి తృప్తి లేదనీ, మొత్తం అయిదు గంటలకి పైగా వచ్చిందనీ, చాలా మంచి సన్నివేశాలు పోయాయనీ అన్నారు. రెండుముప్పావు గంటల సినిమాకి అయిదు గంటలు తీసింది ఎవరు? దిల్ రాజు డబ్బుతో తీసినవే గదా అవి? స్క్రిప్టు దగ్గర కోసుకోవాల్సింది ఎడిటింగ్ దాకా మోసుకొచ్చి, అక్కడ త్యాగం చేశానంటే వినడానికి నాకు జాలి కలగదు. తీసినదంతా బంగారమే అనుకునే దర్శకుడికీ, కోసిందంతా లాభమే అనుకునే నిర్మాతకీ పెద్ద తేడా లేదు.

అందుకే దర్శకుడే నియంత కావాలని నేననడం లేదు. వేరే దేశాల్లో దీన్ని ఎలా తెంపుకున్నారో చూద్దాం. ఫ్రాన్సు చట్టం ప్రకారం దర్శకుడూ నిర్మాతా ఇద్దరూ కలిసి ఒప్పుకున్నప్పుడే సినిమా పూర్తయినట్టు లెక్క. ఆ ఒప్పుకున్న రూపం తాలూకు మాస్టర్‌ని నాశనం చెయ్యకూడదు. తర్వాత ఏది కలపాలన్నా, ఏది తీయాలన్నా మళ్ళీ ఇద్దరి సమ్మతీ కావాలి. అమెరికాలో చట్టం దర్శకుడికి అంత ఇవ్వదు. అయితే అక్కడి డైరెక్టర్స్ గిల్డ్ కొట్లాడి ఒప్పందంలో రాయించుకుంది: పెద్ద సినిమాకి ఎవరి జోక్యమూ లేకుండా తన కట్ తాను చేసుకోవడానికి దర్శకుడికి కనీసం పది వారాలు. ఆ తర్వాత నిర్మాత మార్చుకోవచ్చు, కానీ దర్శకుడి సినిమా ఒకసారి పూర్తిగా ఉనికిలోకి వస్తుంది. 1942లో ఆర్సన్ వెల్స్ 'ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్' నుంచి స్టూడియో నలభై నిమిషాలకి పైగా తీసేసి, ఆ ఫిల్ముని నాశనం చేసింది. ఇవాళ ప్రపంచమంతా వెతుకుతోంది, దొరకదు. అలాంటివి చూశాక వాళ్ళు నేర్చుకున్నారు. మనం ఎన్ని పోగొట్టుకున్నామో లెక్క కూడా రాసుకోలేదు.

మన దగ్గర ఫైనల్ కట్ కావాలనుకున్నవాళ్ళు వెతుక్కున్న దారి ఒకటే, తామే నిర్మాతలు కావడం. ఆదుర్తి సుబ్బారావు, అక్కినేని కలిసి 'సుడిగుండాలు', 'మరో ప్రపంచం' సొంత డబ్బుతో తీశారు. క్రిష్ మొదటి సినిమా 'గమ్యం'కి ఇంటివాళ్ళే నిర్మాతలు. సందీప్ రెడ్డి వంగా 'అర్జున్ రెడ్డి'కి అన్నే నిర్మాత. ఇంకో దారి బజారులో తిరుగులేని పేరు తెచ్చుకోవడం. రాజమౌళి 2025 అక్టోబరులో రెండు బాహుబలుల్నీ కలిపి, కావలసినవి ఉంచి, అక్కర్లేనివి తీసి 'ది ఎపిక్' అని ఒక్కటిగా వేసుకోగలిగాడు. తన సినిమాని తానే మళ్ళీ కత్తిరించుకునే భాగ్యం! చూడముచ్చటగా ఉంది. కానీ అది పలుకుబడి. హక్కన్నది మొదటి సినిమా తీసేవాడికి కూడా ఉన్నప్పుడే హక్కు.

మరి ఇంట్లో డబ్బు లేనివాడి సంగతి? మా మండలం కుర్రాడొకడు ఏళ్ళ తరబడి హైదరాబాదులో అసిస్టెంటుగా పనిచేసి, చివరికి ఒక చిన్న సినిమా తీశాడు. అమ్ముకోవడానికి పొలం లేదు, ఉన్నది పట్టా లేని పోడు. కథ కూడా దాని మీదే. ఎక్కడ తీశాడో, ఎవరు డబ్బు పెట్టారో చెప్పను. సినిమా బయటికొచ్చేసరికి తల్లి పాత్ర సగం పోయింది, ఎవరో తీసిన కామెడీ ట్రాక్ వచ్చి చేరింది. ఇంటర్వెల్ మారింది. ఫోన్ చేసి నాతో అన్నాడు: "అన్నా, పోయిన సీన్ల గురించి నేను కొట్లాడలేదు. నా పేరైనా తీసెయ్యమని అడిగిన. పేరు తీస్తే బయ్యర్లకి అనుమానం వస్తదంట. మా అమ్మ సినిమా చూసి, ఇదేనారా నువ్వు తీసింది అంటే ఏం చెప్పాలన్నా?"

నా దగ్గర జవాబు లేదు. హాలీవుడ్‌లో దర్శకుడు తన సినిమాని తనదని చెప్పుకోలేని పరిస్థితి వస్తే 'అలెన్ స్మిథీ' అనే దొంగ పేరు వేసుకునే వీలు గిల్డు కల్పించింది. 1969 నుంచి మూడు దశాబ్దాల పాటు ఆ పేరు నడిచింది. నవ్వొచ్చే ఏర్పాటే గానీ, అందులో ఒక గౌరవం ఉంది. ఇది నాది కాదు అని చెప్పే హక్కు. మా కుర్రాడికి అది కూడా లేదు. తీసింది తెరమీద లేదు, తెరమీద ఉన్నదానికి పేరు తనది.

ఫైనల్ కట్ తగాదాని కళకీ వ్యాపారానికీ మధ్య యుద్ధంగా చెప్పేవాళ్ళకి ఈ సంగతి కనిపించదు. అది ఎవరికి ఆస్తి ఉందన్న ప్రశ్న కూడా. డబ్బున్న కుటుంబంలో పుట్టినవాడికి ఫైనల్ కట్ పుట్టుకతోనే వస్తుంది. కోయ పల్లె నుంచో, తండా నుంచో, మాల మాదిగ వాడల నుంచో వచ్చినవాడికి రాదు. వాడు తన మనుషుల గురించి ఏం తీసినా, వాళ్ళని ఎన్నడూ చూడనివాడు కూర్చుని 'ఇది లాగ్' అంటాడు. మా తల్లులు మాట్లాడేటప్పుడు ఆగి ఆగి మాట్లాడతారు. ఆ ఆగడమే లాగ్ అయితే ఇక మా సినిమా ఎప్పటికి వస్తుంది? పైగా ఆ లాగ్ తీసేసేది మా కోసమట, 'సి' సెంటర్ కోసమట!

కాబట్టి నేనడిగేవి పెద్ద కోరికలేం కావు. మొదటిది, దర్శకుడితో రాసుకునే ఒప్పందంలో ఫైనల్ కట్ ఎవరిదో ఒక్క వాక్యంలో, అందరికీ అర్థమయ్యే తెలుగులో రాయండి. నిర్మాతదే అయితే నిర్మాతదని రాయండి. రెండోది, దర్శకుడికి తన కట్ పూర్తి చేసుకునే గడువు ఇవ్వండి, అది పూర్తయ్యాక ఒక ప్రతి భద్రం చెయ్యండి. దాన్ని విడుదల చెయ్యమనడం లేదు. కాల్చొద్దంటున్నాను, అంతే. ఇప్పుడు రీళ్ళు కూడా కావు, ఒక హార్డ్ డిస్కు. పుణె జాతీయ ఫిల్ము ఆర్కైవ్ ఉండనే ఉంది. మూడోది, సినిమా తన చెయ్యి దాటిపోయిందనుకున్న దర్శకుడికి పేరు వెనక్కి తీసుకునే హక్కు ఉండాలి. నాలుగోది, కాపీరైట్ చట్టంలో 2010లో వదిలేసిన మాటని మళ్ళీ అడగాలి. ఇది దర్శకుల సంఘం చెయ్యాల్సిన పని. సంఘం సభ్యత్వ రుసుములకీ ఎన్నికలకీ పెట్టే శ్రద్ధలో కొంత దీనిమీద పెడితే చాలు.

నిర్మాతలకి ఇందులో నష్టమేమీ లేదని నా నమ్మకం. ఏడిద నాగేశ్వరరావుని ఇవాళ ఎందుకు తలుచుకుంటున్నాం? ఆయన దేన్నీ కొయ్యలేదు గనక. బయ్యర్లు భయపెట్టినప్పుడు భయపడలేదు గనక. సినిమా మీద నిర్మాత పేరు మిగిలేది అలాగే. సోమవారం నాటి ట్రిమ్ ప్రకటన మీద ఎవరి పేరూ మిగలదు.

ఇక చివరగా, విడుదలైన రెండో రోజున ప్రకటనలు రాసే మహానుభావులకి ఒక మనవి. సినిమా మీది. డబ్బు మీది. చట్టం కూడా మీ పక్షమే. కోసుకోండి. కాకపోతే ఆ ప్రకటనలో 'ప్రేక్షకుల కోరిక మేరకు' అన్న మాట కొట్టేసి, దాని జాగాలో కోసినవాడి పేరు రాయండి. ఫలానా సన్నివేశం ఫలానా వారు తీసేశారు, ఇదిగో సంతకం అని. సెన్సారు సర్టిఫికెట్ తీసుకున్న తర్వాత సినిమాలో ఏ ముక్క మార్చినా బోర్డుకి తెలియజెయ్యాలని నియమం ఎలాగూ ఉంది. బోర్డుకి చెప్పేది టికెట్ కొన్న మాకు కూడా చెప్పండి. మేం చదువుకుంటాం. చండ్రుగొండలో కూడా చదవడం వచ్చు.